పైపూత మాటున పగులు

గోడకు పడిన నెర్రెను సున్నంతో కప్పివేయడం మనలో అనేకులకు అలవాటు. సున్నం ఆరినంత కాలం గోడ కొత్తదానివలెనే కనిపిస్తుంది. తొలకరి వాన కురిసిన నాడు అదే చోట అదే నెర్రె మరల తెరుచుకుంటుంది. మనం మూసినది పగులును కాదు, పగులును చూసే మన కంటిని మాత్రమే. ఈ సత్యం అందరూ ఎరిగినదే. ఎరిగి ఉండి కూడా నేను తప్పు చేశాను. ఆ తప్పును, దానివల్ల నేర్చుకొన్న పనిని ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాను.

వస్తువు చాలా చిన్నది: రేడియో సంకేతాలతో నడిచే ఒక ఆటపడవ. పొడవు 75 సెంటీమీటర్లు. దేహం ఫైబర్‌గ్లాస్‌తో చేసినది. ఇంటర్మీడియట్ చదువుతున్న మా మేనల్లుడు ఎన్.సి.సి. నౌకాదళ విభాగంలో కేడెట్. నౌకా నమూనాల నిర్మాణం ఆ విభాగపు శిక్షణలో ఒక భాగం. చదువు ముగించుకొని వెళ్ళిపోతున్న ఒక పెద్ద విద్యార్థి దగ్గర ఆ పడవ దేహాన్ని తీసుకొని, మోటారు, చుక్కాని, బ్యాటరీ తానే అమర్చుకొన్నాడు. అది అతనికి ప్రాణసమానం.

ఒక సాయంత్రం పడవ మా ఊరి చెరువు రాతిమెట్టును బలంగా ఢీకొన్నది. మొనకు కొంచెం దిగువన 5 సెంటీమీటర్ల పగులు వచ్చింది. కుర్రవాడు దానిని నా దగ్గరకు తెచ్చి, “ఆదివారం నాటికి బాగవుతుందా మామయ్యా?” అని అడిగాడు. నేను పగులు మీద లప్పం దట్టంగా పట్టించి, ఉప్పుకాగితంతో రుద్ది, నీలిరంగు వేశాను. పని అరగంటలో ముగిసింది. “కొత్తదానిలా ఉంది మామయ్యా!” అని వాడు మురిసిపోతే నేనూ మురిసిపోయాను.

ఆదివారం నాడు పడవ చెరువు నడిమికి వెళ్ళేసరికి మొన కిందికి వంగింది. నేటి బొమ్మ పడవలను నడిపే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకొంటుంది. అందువల్ల మునిగిన పడవకు గట్టు మీది ఆజ్ఞ వినిపించదు. కుర్రవాడు చేతిలోని పెట్టెను గట్టు మీద పడవేసి చెరువులోకి దిగాడు. వేసవిలో మట్టి తవ్వుకొన్న గుంతలు ఆ నీటి అడుగున ఉన్నాయి. నేను చేరేలోగా అతని తల ఒకసారి మునిగి తేలింది. గేదెలను కడుగుతున్న ఒక రైతు ఈదుకుంటూ వెళ్ళి, చొక్కా పట్టుకొని ఒడ్డుకు లాగాడు. నీళ్ళు కక్కిన తరువాత వాడు మొట్టమొదట అడిగిన మాట ఇది: “పడవ ఎందుకు మునిగింది మామయ్యా?”

సమాధానం నాకు తెలుసు. కాని నోరు పెగలలేదు.

ఫైబర్‌గ్లాస్ అంటే ఏమిటి?

రేడియో ఆజ్ఞతో నడిచే యంత్రాల చరిత్ర పడవతోనే మొదలైనదని చెప్పవచ్చును. 1898లో న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నికోలా టెస్లా ఒక చిన్న పడవను తీగ ఏదీ లేకుండా దూరం నుండి నడిపి చూపాడు. ఆ ఏడాది నవంబర్ 8న దానికి పేటెంటు కూడా లభించింది. అయితే ఆ పడవ దేహం లోహంతో చేసినది. గాజును వెంట్రుకకన్న సన్నని దారాలుగా తీసే పరిశ్రమ 1930ల దశకంలో అమెరికాలో స్థిరపడిన తరువాత, 1940ల ఆరంభంలో ఆ దారాలను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి చిన్న పడవలను పోతపోయడం ఆరంభమైంది. ఆపైన ఆ పదార్థం లోకమంతటా రేవులకు చేరింది.

మన పల్లెలలో గోడ కట్టేటప్పుడు మట్టిలో గడ్డి తొక్కి కలుపుతారు. మట్టి ఒక్కటే అయితే ఎండకు బీటలు వారుతుంది. గడ్డి ఒక్కటే అయితే నిలబడదు. ఫైబర్‌గ్లాస్ మర్మం కూడా ఇదే. లాగుడును భరించేది గాజు దారం. దారాలను కదలకుండా పట్టి ఉంచేది రెజిన్. పైన నిగనిగలాడే జెల్‌కోట్ అనే పొర నీటిని ఆపడానికి, అందానికి ఉద్దేశించినది, బలానికి కాదు.

పగులు పడినదంటే దారాలు తెగినవని అర్థం. తెగిన చోట లప్పం నింపితే ఒడ్డుకు ఒడ్డు అంటుకొన్నట్లు కనిపిస్తుంది గాని, ఇటు దారానికి అటు దారానికి సంబంధం ఏర్పడదు. వేగంగా పోయే పడవ దేహం ప్రతి అలకూ రవ్వంత వంగి మరల నిటారవుతుంది. ఆ వంపును ఓర్చుకోలేక లప్పం అంచున విడిపోతుంది. ఆ సన్నని సందు చాలు, నీరు లోపలికి రావడానికి. మా పడవ మునిగినది ఈ విధంగానే.

సముద్రపుటొడ్డున ఒక పాఠం

మరునాడు వలవేసి పడవను బయటికి తీయించాము. లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బి ఉన్నది. నీట మునిగిన లిథియం బ్యాటరీని ఆరబెట్టి తిరిగి ఛార్జింగ్ పెట్టడం ఇంటికి నిప్పు పెట్టుకోవడంతో సమానం. దానిని ఇంటికి దూరంగా ఆరుబయట ఇసుక బక్కెట్టులో ఉంచి, తరువాత అటువంటి వ్యర్థాలను సేకరించే వారికి అప్పగించాము. ఖాళీ దేహాన్ని తీసుకొని ఇద్దరమూ కాకినాడ తీరంలో మత్స్యకారుల ఫైబర్ పడవలకు మరమ్మతు చేసే ఒక మేస్త్రీ వద్దకు వెళ్ళాము.

ఆయన పడవను తిరగవేసి, జేబులోని రూపాయి బిళ్ళతో దేహమంతా చిన్నగా తట్టుకుంటూ వచ్చారు. మంచి చోట కణకణమని మోగింది. పగులు దగ్గర డొక్కు శబ్దం వచ్చింది. ఆ డొక్కు శబ్దం పగులుకన్న ఎంతో దూరం వరకు వినిపించింది. పెన్సిలుతో దాని చుట్టూ గీత గీసి, తల ఎత్తకుండానే అడిగారు:

“ఈ లప్పం ఎవరు పెట్టారండి?”

“నేనేనండి.”

“లప్పం అందానికండి మాస్టారూ. బలానికి కాదండి.”

తరువాత పైన ఉన్న నా రంగును, లప్పాన్ని గీకివేసి, దేహం లోపల ఒక చేతిదీపం పెట్టమన్నారు. వెలుతురు బయటికి లేత పసుపుగా కనిపించింది. పగులు చుట్టూ మాత్రం పాలు ఒలికినట్లు తెల్లని మచ్చ తేలింది. రెజిన్ పట్టు విడిచిన దారాలు అలా తెల్లబడతాయి. కంటికి కనిపించిన గాయం 5 సెంటీమీటర్లు. అసలు గాయం పొడవు 9 సెంటీమీటర్లు, వెడల్పు 4 సెంటీమీటర్లు.

“బాబూ, గాయం ఎంతో తెలిసింది గదా. ఇప్పుడు దీన్ని ఇంకా పెద్దది చెయ్యాలి” అన్నారు మేస్త్రీ. మా మేనల్లుడు నా ముఖంలోకి చూశాడు. నాకూ ఆశ్చర్యమే. తరువాత జరిగిన పని అంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానం.

గాయాన్ని పెద్దది చేయడం

మొదట పడవను మంచినీటితో కడిగి రెండు రోజులు నీడలో ఆరబెట్టాలి. తడి ఉన్న చోట రెజిన్ పట్టదు. వానాకాలంలో, గాలి తేమగా ఉన్న రోజున ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. నూనె, గ్రీజు మరకలను అసిటోన్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. అసిటోన్ ఆవిరికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. వంటింటి ఛాయలకు తీసుకొనిపోరాదు.

ఆ తరువాత లోపలి వైపున, డొక్కు శబ్దం వచ్చిన మేరకన్న నలువైపులా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా, 80 నంబరు ఉప్పుకాగితంతో గరుకు తేలేవరకు రుద్దాలి. నున్నని చోట కొత్త రెజిన్ అంటినట్లే అంటి, పెచ్చుగా లేచిపోతుంది. గరుకు చేసిన చోట రెండు పొరల గాజు వస్త్రం వేసి గట్టిపడనివ్వాలి. పడవ బయటి ఆకారం చెడకుండా లోపలి నుండి ఇది ఆసరాగా నిలుస్తుంది.

అది గట్టిపడిన తరువాతనే బయటి వైపు పని. తెల్లబడిన భాగాన్ని ఏమాత్రం జాలి పడకుండా, లోపలి కొత్త పొర తగిలేవరకు అరగదీయాలి. ఇక్కడ ఒక లెక్క ఉన్నది. గుంట అంచులు గోడలవలె నిటారుగా ఉండరాదు; పళ్ళెం అంచువలె ఏటవాలుగా ఉండాలి. దేహం మందానికి 12 రెట్లు ఆ వాలు పొడవు ఉంటే మంచిది. మా పడవ మందం 1.5 మిల్లీమీటర్లు. అంటే ప్రతి వైపునా 18 మిల్లీమీటర్ల వాలు. పాత దారానికి కొత్త దారానికి మధ్య బరువు మారేది ఈ వాలు మీదుగానే. వాలు ఎంత విశాలమైతే, అతుకుకు అంత బలం. 5 సెంటీమీటర్ల పగులు కోసం దాదాపు 13 సెంటీమీటర్ల పొడవున, 8 సెంటీమీటర్ల వెడల్పున మంచి చోటును కూడా గీకవలసి వచ్చింది.

గాజు ధూళి కంటికి, చర్మానికి, ఊపిరితిత్తులకు శత్రువు. ముక్కుకు మంచి మాస్కు, కళ్ళకు రక్షణ అద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. వాటర్ పేపర్ తడిపి రుద్దితే ధూళి లేవదు; కాని ఆ తరువాత మళ్ళీ పూర్తిగా ఆరబెట్టాలి.

మూడు సీసాలు, ఒక హెచ్చరిక

బజారులో పాలియెస్టర్ రెజిన్ కొన్నప్పుడు సాధారణంగా మూడు సీసాలు ఇస్తారు: రెజిన్, యాక్సిలరేటర్ అనే కోబాల్టు ద్రవం, హార్డెనర్ అనే పెరాక్సైడు ద్రవం. కొన్ని రెజిన్‌లలో కోబాల్టు ముందే కలిపి ఉంటుంది. లేనప్పుడు, తయారీదారు చెప్పిన మేరకు కోబాల్టును రెజిన్‌లో వేసి బాగా కలపాలి. అది పూర్తిగా కలిసిన తరువాతనే హార్డెనర్ వేయాలి. కోబాల్టును, హార్డెనర్‌ను ఒకదానితో ఒకటి నేరుగా ఎన్నడూ కలపరాదు. కలిపితే మంట లేవవచ్చును, పేలవచ్చును. రెండు సీసాలనూ పక్కపక్కన కూడా ఉంచవద్దని మేస్త్రీ మా మేనల్లుడి చేత మూడుసార్లు చెప్పించారు.

హార్డెనర్ చుక్క కంటిలో పడితే చూపు పోయే ప్రమాదం ఉన్నది. పడిన వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోస్తూ కడిగి, వైద్యుని వద్దకు పరుగెత్తాలి. ఈ సీసాల పని పెద్దల చేతిమీదుగానే, గాలి ఆడే చోటనే జరగాలి.

కొలత విషయంలో ఉజ్జాయింపు పనికిరాదు. 100 గ్రాముల రెజిన్‌కు హార్డెనర్ 1 నుండి 2 గ్రాములు. వేసవిలో తక్కువ, శీతాకాలంలో ఎక్కువ. మా అతుకుకు ఒక విడతకు 30 గ్రాముల రెజిన్ సరిపోయింది. అంటే అర గ్రాముకు లోపు హార్డెనర్. సూది తీసివేసిన సిరంజితో దానిని కొలిచాము. కలిపిన రెజిన్‌ను లోతైన గ్లాసులో ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పోసుకోవాలి.

కొందరు పాలియెస్టర్‌కు బదులు ఎపాక్సీ వాడతారు. పాత దేహానికి అది ఇంకా గట్టిగా అంటుతుంది. అయితే అందులో రెండు ద్రవాల పాళ్ళు తయారీదారు చెప్పినట్లే ఉండాలి. హార్డెనర్ పెంచితే త్వరగా గట్టిపడదు సరికదా, ఎప్పటికీ మెత్తగానే మిగులుతుంది. ముక్కలు ముక్కలుగా దారాలు పరచి అంటించిన మ్యాట్ కాక, నేసిన గాజు వస్త్రమే ఎపాక్సీకి తగినది. మ్యాట్‌లోని దారాలను పట్టి ఉంచే జిగురు సాధారణంగా పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌కే కరుగుతుంది.

పొరమీద పొర

చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు తూగే గాజు వస్త్రాన్ని ఆరు ముక్కలుగా కత్తిరించాము. పెద్దది వాలు పైఅంచు మేరకు, తక్కినవి క్రమంగా చిన్నవి. ప్రతి ముక్క మూలలనూ గుండ్రంగా కత్తిరించాము. కోసుగా ఉన్న మూల ముందుగా లేస్తుంది. గుంటలో రెజిన్ పలుచగా పూసి, ఒక్కొక్క ముక్కనూ పరచి, కుంచెతో పొడిచినట్లు అద్దాలి. సున్నం వేసినట్లు లాగితే దారాలు చెదురుతాయి. రెజిన్ తాగిన వస్త్రం తెలుపు పోయి నీటివలె పారదర్శకమవుతుంది. తెల్లగా మిగిలిన చోట గాలి చిక్కుకొన్నదని గుర్తు. అక్కడ మళ్ళీ అద్దాలి.

రెజిన్ ఎక్కువ పోస్తే బలం ఎక్కువవుతుందని అనుకోవడం పొరపాటు. నేసిన వస్త్రం ఎంత బరువో, రెజిన్ కూడా ఇంచుమించు అంతే ఉండాలి. మిగిలినది భారమే గాని బలం కాదు. నేను పట్టించిన లప్పం తూస్తే 70 గ్రాములు ఉన్నది. లోపలా బయటా కలిపి ఈ అతుకు మొత్తం 30 గ్రాములకు మించలేదు.

గాలి తగిలే పైపొరలో పాలియెస్టర్ జిగటగా మిగులుతుంది. పలుచని పాలియెస్టర్ కాగితాన్ని పైన పరచి, గాలి బుడగలు లేకుండా చేతితో ఒత్తితే ఆ జిగట ఉండదు. ఉపరితలమూ నున్నగా వస్తుంది. అరగంటలో రెజిన్ పేరుకొన్నా, ఒక రోజు గడిచేవరకు ఉప్పుకాగితం తాకించరాదు.

అప్పుడు, అన్నీ ముగిసిన తరువాత, లప్పానికి వేళ వచ్చింది. చిన్న పల్లాలను మాత్రం పూడ్చి, 220, 400, 600 నంబర్ల వాటర్ పేపర్‌తో క్రమంగా రుద్ది రంగు వేశాము. లప్పం తప్పు వస్తువు కాదు. తన వంతు రాకముందే దానిని పిలవడమే తప్పు.

గంగాళంలో పరీక్ష

ఈసారి చెరువుకు పోలేదు. పెరటిలో గంగాళం నింపి, మోటారు, బ్యాటరీల బరువుకు సరిపడా రాళ్ళు పడవలో పెట్టాము. అడుగున పాత వార్తాపత్రిక ముక్క ఒకటి పరచి, అరగంట నీటిలో ఉంచాము. కారుతున్నదా లేదా అన్నది కాగితం చెబుతుంది; ఎక్కడ కారుతున్నదో తడిమచ్చ చెబుతుంది. మా కాగితం పొడిగానే బయటికి వచ్చింది.

తేలే పదార్థం కొంత లోపల పెట్టి ఉంచితే, నీరు నిండినా పడవ అడుగుకు పోదు. అయితే థర్మోకోల్‌ను పచ్చి పాలియెస్టర్ రెజిన్ తాకితే అది మంచువలె కరిగిపోతుంది. రెజిన్ పూర్తిగా గట్టిపడి, వాసన పోయిన తరువాతనే దానిని అమర్చాలి. ఇక అన్నిటికన్న ముఖ్యమైన నియమం ఒకటి మా ఇంటిలో ఏర్పడింది: పడవ ఆగిపోయినా, మునిగినా ఎవరూ నీటిలోకి దిగరాదు. గేలపు తాడు చివర ఒక బంతి కట్టి, దానిని విసిరి పడవను ఒడ్డుకు లాక్కోవాలి. ఆ తాడు, బంతి లేనిదే పడవ ఇల్లు కదలరాదు.

మేస్త్రీ వద్ద సెలవు తీసుకొనేటప్పుడు, ఇంత చిన్న బొమ్మకు అంత శ్రద్ధ ఎందుకు పెట్టారని అడిగాను. ఆయన ఇసుకలో బోర్లించి ఉన్న పడవల వైపు చేయి చూపారు. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ తరువాత మన తూర్పు తీరంలో ఫైబర్ పడవల వాడకం బాగా పెరిగింది. ఒక్కొక్క పడవ మీద నలుగురైదుగురు మనుషులు, వారి వెనుక ఇళ్ళు. “పైన రంగేసి పంపించెయ్యమని తొందరపెట్టేవాళ్ళు ఉంటారండి. వాళ్ళకు వేట పోతుందని బాధ. కాని రంగు చూసి నమ్మి ఎక్కేది వాళ్ళేనండి” అన్నారు.

నమ్మి ఎక్కడం అన్న ఆ మాట నన్ను దారి పొడుగునా వెంటాడింది. మా మేనల్లుడు చెరువులోకి దిగినది పడవ మీది ప్రేమతో మాత్రమే కాదు. మామయ్య బాగుచేసిన పడవ మునగదనీ, ఏదో చిన్న అడ్డంకి తగిలి ఉంటుందనీ నమ్మి దిగాడు. ఆ సాయంత్రం వాడిని కూర్చోబెట్టి, చెరువుగట్టున వాడు అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పాను. “నేను పగులును బాగుచేయలేదురా, దాచాను. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. నీ ఆదివారం పోతుందని చెప్పలేదు.” వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత పడవను ఒడిలోకి తీసుకొని మూత తెరిచాడు.

బయట రంగు మెరుస్తున్నది. లోపల అతుకు మాత్రం తేనెరంగులో, నేత నేతగా కనిపిస్తున్నది. దానికి కూడా రంగు వేద్దామా అని అడిగాను.

“వద్దు మామయ్యా” అన్నాడు. “రంగు లేకపోతేనే, మళ్ళీ ఎప్పుడైనా తెల్లబడితే మనకు తెలుస్తుంది.”